జోడు నడక

"కుడి కాలు ఎత్తండి, అండాలమ్మా. మెల్లగా."

పరిశోధనశాల గదికి ఆ చివర నిలబడి ఉన్న అండాలు కుడి కాలు ఎత్తింది. ఈ చివర, రెండు ఇనుప కడ్డీల మధ్య నిలబెట్టిన ఆమె భర్త ఉప్పలయ్య కుడి కాలు కూడా లేచింది.

తాటిచెట్టు మీది నుంచి పడి వెన్ను విరిగిన రోజు నుంచి ఆ కాలు అతనిది కాదన్నట్టే ఉండేది. చీమ కుట్టినా తెలియదు, వేడినీళ్లు పడ్డా తెలియదు. మంచం మీద దాన్ని ఈ పక్క నుంచి ఆ పక్కకు అండాలే ఎత్తి పెట్టేది. ఇప్పుడది గాలిలో ఉంది. మోకాలు వంగింది. పాదం ముందుకు వచ్చి నేల మీద ఆనింది.

"ఇప్పుడు ఎడమది," అంది డాక్టర్ తస్నీమ్.

అండాలు ఎడమ కాలు వేసింది. ఉప్పలయ్య ఎడమ కాలు పడింది. అట్లా గది సగం దూరం నడిచాక అతను కడ్డీలను గట్టిగా పట్టుకుని ఆగాడు. తన కాళ్ల వైపు చూసుకుని ఒక్కసారిగా నవ్వాడు.

"ఎందుకయ్యా నవ్వుతున్నవ్?" అంది అండాలు, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

"నువ్వు నడిచినట్టే నడుస్తున్న గదనే! నీ ఎడమ కాలు జర ఈడుస్తవ్ సూడు, అచ్చం గట్లనే వచ్చింది."

నిజమే. చిన్ననాటి నుంచి నెత్తిన గడ్డిమోపులు మోసిన అండాలు నడకలో ఎడమ కాలు కొద్దిగా వెనకపడుతుంది, నడుము కుడివైపుకు ఒరుగుతుంది. ఆ ఒరుగుడు కూడా ఉప్పలయ్య నడుములోకి వచ్చేసింది. తస్నీమ్ అతని పాదాలనే చూస్తూ నిలబడిపోయింది. నిర్జీవమైన కాళ్లలో ఏవో కదలికలు పుట్టించడం అంతకుముందు చాలామంది చేశారు. ఒక మనిషి నడకను గాలిలో పంపి ఇంకో మనిషి చేత నడిపించడం ఆమెకు తెలిసి ఎవరూ చేయలేదు.

ఆ పరిశోధనశాలకు ఉప్పలయ్య కుటుంబం మొదటిసారి వచ్చిన రోజు, ఇదెట్లా సాధ్యమని అతను అడిగాడు. తస్నీమ్ పుట్టి పెరిగింది భువనగిరిలో. వాళ్ల మాట ఆమెకు కొత్త కాదు. గది మూల ఉప్పలయ్య కూతురు ఉదయ, ఇంటర్ చదివే పిల్ల, చెవుల్లో బొత్తాల్లాంటి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటోంది. తస్నీమ్ ఆ పిల్ల చేతిలోని ఫోను అడిగి తీసుకుంది.

"పాట ఏడుంది? నా చేతిల. మోగేది ఏడ? మీ బిడ్డ చెవుల. మధ్యల వైరు లేదు," అంటూ ఫోను పట్టుకుని వరండాలోకి నడిచింది. అట్లాగే నడుస్తూ పోయింది.

"తెగిపోతున్నది మేడం," అని అరిచింది ఉదయ.

తస్నీమ్ వెనక్కి వచ్చింది. "గంతే దూరం. అంతకు మించి పోదు. ఈ గదిల ఇంకా ఎన్నో ఫోన్లున్నయ్. వాటిల పాటలు మాత్రం ఈమె చెవులకు రావు. ఎందుకంటే ఈ రెండు ఒకసారి జోడు కలిసినయ్. దీని మాట దానికే తెలుస్తది. నేను చేసింది కూడా గిదే. నడిచే మనిషి నడుముకు ఒక పట్టీ, నడవలేని మనిషి నడుముకు ఇంకొకటి. వెన్ను నుంచి కాళ్లకు పోయే కబురు ఈ పట్టీ వింటది. ఆ పట్టీ మీ కాళ్లకు చెప్తది."

"ఇంకొకల కబురెందుకు మేడం? నా తలకాయ మంచిగనే ఉన్నది గద," అన్నాడు ఉప్పలయ్య.

"మీ తల నుంచి తీయాలంటే పుర్రె తెరవాలె. దానికి ఇంకా అనుమతి లేదు. నిజం చెప్పాలంటే నాకు అంత ధైర్యం కూడా లేదు."

రెండు పట్టీలు ఒకదాన్నొకటి అర్థం చేసుకోవాలంటే ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు వారాల తరబడి ఒకచోట ఉండాలి. ఉప్పలయ్య తమ్ముడు ముందుకొచ్చాడు కానీ అతనిది లారీ నడిపే పని, ఊళ్లు తిరగాలి. "నాకు పెట్టుండ్రి. నేను ఏడికి పోత?" అంది అండాలు.

* * *

ఎర్రబావి ఊళ్లోకి ఉప్పలయ్య నడిచి వచ్చిన సాయంత్రం ఊరంతా వీధిలోనే ఉంది. చేతులకు ఆధారంగా నాలుగు కాళ్ల వాకర్. దాని పిడికి ఒక మీట. మీట నొక్కితే అతని కాళ్లు అండాలు కాళ్ల మాట వింటాయి, నిలబడి ఉండగా వదిలితే ఉన్నచోటే బిగుసుకుని ఆగుతాయి. కింద పడకుండా తూకం చూసుకోవాల్సింది మాత్రం అతని చేతులే. అండాలు అతని వెనక నడుస్తోంది. ఆమె అడుగు, అతని అడుగు ఒక్కసారే పడుతున్నాయి.

కల్లు మండువ దగ్గర కూర్చున్న మగవాళ్లు కాసేపు నోరు తెరుచుకుని చూశారు. తర్వాత ఒకతను పకపకా నవ్వాడు.

"ఏమోయ్ ఉప్పలయ్యా, ఆడిమనిషి లెక్క నడుస్తున్నవేందిరా?"

ఉప్పలయ్య ఆగాడు. అంటే అతను మీట వదిలాడు, వెనక అండాలు కూడా ఆగింది.

"ఆడిమనిషి లెక్క కాదు, అండాలు లెక్క నడుస్తున్న," అన్నాడు. "నువ్వు మంచంల పడితే నీ కాళ్లల్ల ఎవలు నడుస్తరో ఇంటికి పోయి అడుగు. అడిగి వచ్చి నవ్వు."

అందరూ గొల్లున నవ్వారు, ఈసారి ఆ అడిగినవాణ్ని చూసి. ఉప్పలయ్య మళ్లీ మీట నొక్కి, నడుము కుడివైపుకు ఒరుగుతుండగా, తల మాత్రం నిటారుగా పెట్టుకుని ఇంటికి నడిచాడు. అండాలు సిగ్గుపడింది. సంతోషపడింది కూడా.

ఆ తర్వాత రోజుకొకరు రావడం మొదలుపెట్టారు. చుట్టాలు, పక్క ఊళ్లవాళ్లు, టీవీవాళ్లు. "ఒక్కసారి నడిచి సూపియ్యి ఉప్పలయ్యా," అంటారు. అతను లేస్తాడు. అతను లేవాలంటే అండాలు చేతిలో పని వదిలిపెట్టి లేవాలి. పొయ్యి మీద ఎసరు పొంగుతున్నా, బర్రె అరుస్తున్నా లేవాలి. వాకిట్లో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడవాలి. చూడటానికి వచ్చినవాళ్లెవరూ ఆమె వైపు చూసేవాళ్లు కాదు.

బంధువుల పెళ్లి బరాత్ జరిగిన రోజు సంగతి ఇబ్బందితోనే ఆగలేదు. పెళ్లికొడుకు వాహనం ముందు బాజాలు మోగుతున్నాయి. ఉప్పలయ్య నడుస్తుంటే జనం వింతగా చుట్టూ మూగారు. ఒక్కొక్కరే అండాలును వెనక్కి నెట్టుకుంటూ మధ్యలోకి వచ్చారు. దూరం పెద్దగా లేదు. కానీ మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే, పట్టీలు పంపే తరంగాలను నీళ్లు తాగేస్తాయి. అంతమంది శరీరాలు గోడలా అడ్డం నిలిచేసరికి పట్టీల మధ్య మాట తెగింది. ఉప్పలయ్య కాళ్లు ఉన్నట్టుండి గుడ్డపేలికల్లా వాలిపోయాయి. వాకర్‌తో సహా ముందుకు పడ్డాడు. నుదురు చిట్లి ముఖమంతా రక్తం.

జనాన్ని తోసుకుంటూ అండాలు చేరేసరికి అతని మేనత్త గొంతు అందరికన్నా పైకి లేచింది.

"మొగోణ్ని ఇడిసిపెట్టి ఏడికి పోయినవే? ఏం సూస్తున్నవ్?"

అండాలు అతని తల ఒడిలో పెట్టుకుని కొంగు చింపి కట్టు కట్టింది.

ఆ రోజు తర్వాత ఆమె అతని చేయి అందే దూరం దాటి పోలేదు. చెల్లెలికి కాన్పయితే చూడటానికి పోలేదు. మహిళా సంఘం వాళ్లు శిక్షణకు రమ్మంటే రానంది. నాటు పనికి పోవడం మానింది. బయటివాళ్లకు ఇదేమీ కనబడలేదు. మొగుడికి కాళ్లొచ్చాయి, అదృష్టవంతురాలు అన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం ఏదో పత్రిక వాళ్లు వస్తున్నారని కబురు వచ్చింది. ఉప్పలయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని వాకర్ దగ్గరికి లాక్కున్నాడు. "అండాలూ, లెవ్వే," అన్నాడు.

అండాలు గోడకు ఆనుకుని కూర్చుంది. లేవలేదు.

"ఇయ్యాల నా కాళ్లు నాకు కావాలె," అంది.

ఆమె గొంతులో కోపం లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. ఆమె చీర అంచు కింద పాదాలు వాచి ఉన్నాయి. పొద్దున తన పనులు చేసింది, ఆపైన అతని నడకలు నడిచింది. రోజూ ఇద్దరు మనుషుల నడకను ఒకే జత కాళ్లు నడుస్తున్నాయన్న సంగతి అతనికి అప్పుడు తోచింది. చొక్కా గుండీలు విప్పేసి, పత్రిక వాళ్లకు రావద్దని ఉదయ చేత ఫోను చేయించాడు.

* * *

కల్లు కోసం తాటిచెట్లు గీసే కాలం వచ్చింది. గీత కార్మికుల సంఘం పెద్ద లింగాగౌడ్ ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. చెప్పడానికి ఇష్టం లేని మాట కాబట్టి చుట్టూ తిరిగి చెప్పాడు.

"నీ పేరు మీదున్న తాళ్లు ఉట్టిగ నిలబడ్డయ్ ఉప్పలయ్యా. ఈ ఏడు కూడా గీయకపోతే వేరేటోళ్లకు రాయాలె. నేను ఆపుదామనే సూసిన."

ఉప్పలయ్య తలవంచుకున్నాడు. ఆ చెట్లు అతని తాత ఎక్కినవి, తండ్రి ఎక్కినవి. ప్రతి చెట్టు ఒంపు, ప్రతి చెట్టు కల్లు రుచి అతనికి తెలుసు.

"రాయొద్దు పెద్దనాయినా. నేను ఎక్కుత," అంది అండాలు.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. లింగాగౌడ్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. "ఆడోళ్లు ఎక్కేటోళ్లు ఆడాడ ఉన్నరు బిడ్డా. కాదనను. కని అధికారుల ముందట ఎక్కి సూపియ్యాలె. అప్పుడే లైసెన్సు."

అతను వెళ్లాక ఉప్పలయ్య ఆమె చేయి పట్టుకున్నాడు. "నేను పడ్డది నీ కండ్లతోని సూసినవ్ గద," అన్నాడు.

"సూసిన. ఎట్ల పడొద్దో నీకన్న ఎక్కువ ఎవరికెర్క? నేర్పు."

"వొద్దే. నా నడుము పోయింది చాలు."

"నీ నడక నేను నడుస్తున్న. మరి నీ చెట్టు నేనెక్కితే ఏమైతది?" అంది.

మరుసటి వారం ఊరి బయట, పొట్టి చెట్టు ఒకటి ఎంచుకున్నారు. అండాలు మరిది పాత పంట్లాం వేసుకుని, నడుముకు మోకు కట్టుకుంది. మోకు అంటే మనిషినీ చెట్టునూ కలిపి పట్టే మందపాటి తాడు. పాదాలకు గుజి, అంటే రెండు పాదాలనూ చెట్టుకు అదిమి ఉంచే చిన్న తాడు. కింద చక్రాల కుర్చీలో ఉప్పలయ్య. నడుముకు పట్టీలు ఇద్దరికీ ఉన్నాయి. ఇంటి నుంచి దారి బాగాలేని చోట అతన్ని నడిపించుకొచ్చింది కాబట్టి విప్పలేదు.

ఆమె మూడు మూరలు ఎక్కి జారింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ జారింది. అరచేతులు గీసుకుపోయాయి. "మడిమలు సూసుకో, మడిమలు!" అని అతను అరుస్తున్నాడు కానీ అతనికి ఆమె మడిమలు కనబడటం లేదు. చెట్టు బోదె అడ్డం, పైగా ఎండ కళ్లలో పడుతోంది. ఎక్కడ తప్పు చేస్తోందో తెలియక కుర్చీలో అటూ ఇటూ ఒరిగాడు. ఆ ఒరుగుడులో పక్కనున్న వాకర్ పిడి మీద చేయి పడి మీట నొక్కుకుంది.

అతని కాళ్లు కుర్చీలోనే పైకి ముడుచుకున్నాయి.

ముందు భయపడ్డాడు. తర్వాత ఊపిరి బిగబట్టి చూశాడు. రెండు పాదాలూ లోపలికి తిరిగి, లేని చెట్టును ఒత్తి పట్టుకుంటున్నాయి. మోకాళ్లు వంగి, సాగి, మళ్లీ వంగుతున్నాయి. అవి చెట్టెక్కుతున్నాయి. జన్మలో మళ్లీ చూస్తాననుకోని ఆ కదలిక తన ఒళ్లోనే జరుగుతోంది. కుడి పాదం మాత్రం సరిగ్గా లేదు. మడిమ బయటికి విచ్చుకుంటోంది. బరువంతా వేళ్ల మీద పడుతోంది. అట్లా అయితే ఎవరైనా జారతారు.

"అండాలూ! కుడి మడిమ లోపటికి తిప్పు. వేళ్ల మీద కాదు, అరికాలు మీద ఒత్తు!"

అతని కుడి పాదం లోపలికి తిరిగింది. పైన అండాలు జారలేదు.

"గిప్పుడు మోకు పైకి ఎయ్యి. ఆగు, ఎడమ మోకాలు ఇంక జర వంచు... ఆ. గట్ల."

ఆమె ఇంకో రెండు మూరలు పైకి పోయింది. "నీకెట్ల కనబడుతున్నదయ్యా?" అని పైనుంచే కేకేసింది.

"నా కాళ్లు సెప్తున్నయే!" అన్నాడు. నడిచిన మొదటి రోజు నవ్వినవాడు, ఆ రోజు ఏడ్చాడు.

ప్రతి పొద్దునా అదే పని అయింది. అతను కుర్చీలో కూర్చుని తన కాళ్లను పుస్తకంలా చదివేవాడు. ఆమె పాదం తడబడితే అతని పాదం తడబడేది. ఆమె భయపడితే అతని పిక్కలు బిగిసేవి. "భయపడకు, ఊపిరి ఇడువు," అని ఆమె చెప్పకముందే చెప్పేవాడు. పొట్టి చెట్టు నుంచి నడిమి చెట్టుకు, నడిమి చెట్టు నుంచి పొడుగు చెట్టుకు వెళ్లారు. ఈ సంగతి విని తస్నీమ్ నగరం నుంచి వచ్చింది. చెట్టు మీద ఒక మనిషి, చెట్టు కింద కుర్చీలో అవే అడుగులు వేస్తున్న ఇంకో మనిషి. ఆమె పరికరంతో ఏం చేయవచ్చో రాసుకున్న ఆలోచనల్లో ఈ ఆలోచన ఎక్కడా లేదు. గట్టు మీద కూర్చుని, దిగేదాకా రెప్ప వేయకుండా చూసింది.

* * *

లైసెన్సు పరీక్షకు ఆబ్కారీ అధికారి వచ్చిన ఉదయం ఊరు మళ్లీ పోగైంది. అధికారి మంచివాడే, కానీ నియమం నియమమే అనే మనిషి. అండాలు నడుముకున్న పట్టీ చూసి అదేమిటని అడిగాడు. చెప్పాక తల అడ్డంగా ఊపాడు.

"ఎక్కేది మీరొక్కరే ఎక్కాలమ్మా. కింది నుంచి ఎవరూ ఏదీ చెప్పకూడదు. ఆ యంత్రం తీసెయ్యండి."

ఉప్పలయ్య ఏదో అనబోయాడు. అండాలు అప్పటికే బకిల్ విప్పింది. పట్టీని మడిచి అతని ఒడిలో పెట్టింది.

"సూస్త ఉండు," అంది. అంతే అంది.

ఆమె ఎక్కడం మొదలుపెట్టింది. ఉప్పలయ్య కాళ్లు కుర్చీలో ఎండిన దుంగల్లా పడి ఉన్నాయి. వాటిలో ఏ కబురూ లేదు. ఇన్నాళ్లూ ఆమె ప్రతి అడుగూ తన ఒంట్లో చూసుకున్నవాడికి ఇప్పుడు పైన కదులుతున్న మనిషి ఆకారం తప్ప ఏమీ తెలియడం లేదు. చేతులతో మోకాళ్లను పట్టుకుని తల వెనక్కి వంచి చూశాడు.

చెట్టు నడుమ దాటాక ఆమె ఆగింది. అక్కడ బోదె ఒక పక్కకు ఒరిగి, ఏళ్ల తరబడి మోకు రాపిడి వల్ల నున్నగా ఉంటుందని అతనికి తెలుసు. ఆమె చాలాసేపు ఆగింది. జనంలో గుసగుసలు. "దిగుమను పిల్లను," అన్నారెవరో. ఉప్పలయ్య నోటి దాకా మాట వచ్చింది. పెదవి కొరుక్కున్నాడు.

పైన ఆమె ఎడమ పాదం తీసి, ఆ నున్నటి చోటు తప్పించి, పక్కకు ఆనించింది. మోకు విసిరింది. బరువు మోపి చూసుకుంది. పైకి లేచింది. అట్లా చేయమని అతను ఎన్నడూ చెప్పలేదు. అతనైతే కుడివైపు నుంచి పోయేవాడు. ఆమె తన సొంత దారి చూసుకుంది.

మట్టల దగ్గరికి చేరి, గెలను గీసి, కల్లు పట్టే కుండ, లొట్టి, కట్టి, నిదానంగా దిగి వచ్చింది. నేల మీద కాలు పెట్టినప్పుడు ఆమె ముఖం వెలిగిపోతోంది. అధికారి కలం తీసి ఉప్పలయ్యను అడిగాడు.

"ఇంట్లో గీసేవాళ్లుగా మీ పేరే ఉంచాలా?"

"నాది కొట్టెయ్యుండ్రి సార్," అన్నాడు ఉప్పలయ్య. ఊరంతటికీ వినబడేలా చెప్పాడు. "రామగోని అండాలు. గట్ల రాయుండ్రి. మా ఇంటి గీతకారి ఆమె."

బరాత్ రోజు అండాలు మీద కేకలు వేసిన మేనత్త గుంపులోంచి ముందుకు వచ్చి, ఆమె గీసుకుపోయిన అరచేతులు తన చేతుల్లోకి తీసుకుంది.

* * *

అండాలు చెట్ల మీద ఉండే వేళల్లో ఉప్పలయ్యకు నడక లేదు. పొద్దున, సాయంత్రం ఆమె తాటివనంలో ఉంటుంది, అతను కుర్చీలో ఉంటాడు. ఆమె ఇంట్లో ఉన్నప్పుడు, ఆమెకు ఓపిక ఉన్నప్పుడు, కలిసి వీధి చివరిదాకా నడుస్తారు. లేకపోతే లేదు. దాని గురించి అతను ఒక్కసారి కూడా గొణగలేదు.

ఆలోగా కబురు పాకింది. చెట్టు మీది నుంచి పడి భర్త చనిపోయిన ముత్యాలు అనే ఆమె పక్క మండలం నుంచి వచ్చింది. ఆమె వెనక ఇంకొందరు. "మాకూ నేర్పు అన్నా," అన్నారు. ఉప్పలయ్య తస్నీమ్‌కు ఫోను చేశాడు. తస్నీమ్ నేర్చుకునేవాళ్లకు ఇంకో పట్టీ తెచ్చి, వేరేవాళ్ల అడుగులను కూడా అతని పట్టీ త్వరగా అర్థం చేసుకునేలా మార్చింది. వచ్చిన రోజే అతన్ని నగరానికి తీసుకెళ్లి కాళ్ల ఎముకలకు పరీక్షలు చేసింది.

ఫలితం చూశాక ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. అండాలు పక్కన నిలబడింది.

"మంచంల ఉన్నన్ని దినాలు బరువు మోయక మీ కాళ్ల ఎముకలు పలచబడ్డయ్, ఉప్పలయ్యగారూ. కండరం లాగిన ప్రతిసారి వాటి మీద ఒత్తిడి పడ్తది. కొంచెమైతే తట్టుకుంటయ్. రోజంతా నేర్పి, మళ్లీ నడుస్తానంటే విరుగుతయ్. విరిగితే అతకవు. రెండిట్ల ఏదో ఒకటే."



"మీ ఇష్టం చెప్పేముందు నాది కూడా చెప్తా," అంది తస్నీమ్. "వచ్చే నెల ఢిల్లీ నుంచి నిపుణుల సంఘం వస్తున్నది. మీరు వాళ్ల ముందు నడిస్తే ఈ పరికరం దేశమంతా పోతది. మిమ్మల్ని నడిపించాలనే నా వయసంతా పోయింది. అది మీరు తెలుసుకోవాలె. తెలుసుకుని, మీకేది కావాలో అదే చెప్పండి."

ఉప్పలయ్య అండాలు వైపు చూశాడు. ఆమె ఏ సైగా చేయలేదు. ఈ మాట అతనే చెప్పాలని ఆమె ఉద్దేశం.

"మేడం, నడిస్తే నేను మా వాకిట్లనే తిరుగుత," అన్నాడు మెల్లగా. "ఆమె వెంట ఉంటె వీధి దాకా. నేర్పితే నా కాళ్లు ఎన్ని తాళ్లెక్కుతయో సూడుండ్రి. నేను పడ్డ నాడు మా గీతోళ్లు ఇగ వీని పని అయిపోయిందన్నరు. అయిపోలే." తస్నీమ్ కళ్లలోకి చూశాడు. "మీరు నాకు నడక ఇచ్చిండ్రు. నేను మర్చిపోను. కని నాకు పని కావాలె."

తస్నీమ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. ఆమె తిరిగి చూసినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం స్థిరంగా ఉంది.

"అయితే నిపుణులను ఢిల్లీ నుంచి ఈడికి కాదు, ఎర్రబావికి తీసుకొస్తా," అంది. "తాటివనంలకు. కుర్చీలు నేనే ఏపిస్తా."

అట్లాగే తీసుకొచ్చింది. బూట్లతో గట్ల మీద నడవలేక తడబడుతూ వచ్చిన ఆ పెద్దలు, కుర్చీలో కూర్చుని చెట్టెక్కుతున్న మనిషిని చూశారు. పైన ముత్యాలు ఉంది. ఆమె ఇంకా భయస్తురాలు. కొంచెం ఎక్కి ఆగుతుంది, ఆగి కిందికి చూస్తుంది. "కిందికి సూడకు బిడ్డా, ఎడమ కాలు మంచిగున్నది, కుడిది ఒత్తు," అని ఉప్పలయ్య చెబుతూనే ఉన్నాడు. నిపుణుల్లో ఒకాయన ఏదో అడగబోతే, "జర ఆగుండ్రి సార్, పిల్ల పైనున్నది," అన్నాడు తల తిప్పకుండా. ఆయన వెనక్కి తగ్గి నిలబడ్డాడు.

ముత్యాలు ఆ రోజు మొదటిసారి మట్టల దాకా చేరింది. ముందురోజు అండాలు కట్టి ఉంచిన లొట్టిని దించి, నడుముకు తగిలించుకుని దిగి వచ్చింది. తెలిసీ తెలియని భయంతో, సంతోషంతో ఊపిరి అందక కాసేపు చెట్టుకు చేరగిలబడింది. తర్వాత తాటాకుతో రేక మడిచి, లొట్టిలోంచి తెల్లటి కల్లు వంచి, రెండు చేతులతో ఉప్పలయ్య ముందు పట్టింది.

"నేను దించిన మొదటి కల్లు. నేర్పినోళ్లకు పొయ్యాలంట అన్నా."

వేరే చెట్ల పని ముగించుకుని అండాలు అప్పుడే గట్టు దిగి వస్తోంది. ఉప్పలయ్య ఆమెను దగ్గరికి పిలిచాడు. రేకను అందుకుని, గీతవాళ్ల దేవుడు కాటమయ్య పేరు చెప్పి నాలుగు చుక్కలు నేల మీద వదిలాడు. సగం తాగి, మిగతా సగం అండాలుకు ఇచ్చాడు. నిపుణులు, తస్నీమ్, గీతవాళ్లు, ఊరివాళ్లు చుట్టూ నిలబడి చూస్తున్నారు.

అండాలు తాగి, మూతి తుడుచుకుంది.

"ఎట్లున్నది అక్కా?" అని అడిగింది ముత్యాలు.

"తియ్యగున్నది," అంది అండాలు. "రేపు రెండో చెట్టు ఎక్కుదువు."